విస్తరాకు లెక్క



ఈ పాఠం ఒక్కసారిగా చదవనక్కరలేదు. కొంచెం చదవండి. ఆగండి. పక్కనున్న వాళ్లతో మాట్లాడండి. లెక్క వచ్చిన చోట పెన్సిలు తీసుకోండి.

అన్నం తినే విస్తరి మనందరికీ తెలుసు. కొన్ని చోట్ల విస్తరాకు అంటారు. కొన్ని చోట్ల ఇస్తరాకు అంటారు. తెలంగాణలో మోదుగాకుతో కుడతారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ కొండల వైపు అడ్డాకుతో కుడతారు. పెళ్లికి కావాలి. తద్దినానికి కావాలి. గుడిలో ప్రసాదానికి దొప్ప కావాలి. తిని పారేస్తే మేకలు తింటాయి. మిగిలింది పెంటలో కలిసి ఎరువవుతుంది.

నడుమ ప్లాస్టిక్ ప్లేట్లు వచ్చాయి. థర్మాకోల్ ప్లేట్లు వచ్చాయి. విస్తరి కుట్టే చేతులకు పని తగ్గింది. 2022 జూలై 1 నుంచి మన దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు తయారు చెయ్యకూడదు, అమ్మకూడదు, వాడకూడదు అని ప్రభుత్వం నిషేధం పెట్టింది. అయినా సంతలో కనిపిస్తూనే ఉంటాయి. ఆ మాట వేరే. మొత్తానికి ఆకు విస్తరికి మళ్లీ అడిగేవాళ్లు వచ్చారు.

అడిగేవాళ్లు వచ్చినంత మాత్రాన కుట్టేవాళ్లకు డబ్బు మిగులుతుందా? అదే ఈ పాఠం.

ఒక ఊరు అనుకుందాం

కొండల కింద ఒక ఊరు అనుకుందాం. ఆ ఊరికి మీ ఊరి పేరే పెట్టుకోండి. ఆ ఊళ్లో ఒక అక్క ఉంది. ఆమెకూ నేను పేరు పెట్టడం లేదు. మీకు తెలిసిన అక్క పేరు పెట్టుకోండి. ఈ కథలో రేట్లన్నీ లెక్క కోసం అనుకున్నవే. మీ సంతలో రేటు వేరుగా ఉంటుంది. మీ రేటు వేసుకుని మళ్లీ లెక్క చూడండి.

అక్క వయసు నలభై. పగలు ఇంటి పని, పొలం పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుంటుంది. ముందర ఆకుల కట్ట. పక్కన సన్నంగా చీల్చిన వెదురు పుల్లలు. ఆకు మీద ఆకు వేస్తుంది. పుల్ల గుచ్చుతుంది. విరుస్తుంది. మళ్లీ గుచ్చుతుంది. అలా రోజుకు అయిదు గంటలు. రోజుకు వంద విస్తర్లు. వారానికి ఆరు రోజులు కుడుతుంది. ఏడో రోజు సంత.

అక్క రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. సంతకం పెడుతుంది. బస్సు బోర్డు చదువుతుంది. కూడికలు, తీసివేతలు వచ్చు. కానీ ఆ చదువు తన విస్తర్ల మీద ఎప్పుడూ వాడలేదు.

“లెక్కెందుకు? సంతకెళ్లేటప్పుడు కొంగున డబ్బు ఉంటది. వచ్చేటప్పుడు అంతకన్నా ఎక్కువే ఉంటది. అదే లాభం” అనేది.

అక్కకు ఒక వదిన ఉంది. అన్న భార్య. ఆమె పొదుపు సంఘంలో పుస్తకాలు రాస్తుంది. ఒక సంత రోజు రాత్రి వదిన వచ్చి, “ఈ వారం లెక్క కాగితం మీద పెడదామా?” అంది.

“పెట్టు వదినా. లాభం ఎంతో నాకూ తెలుస్తది.”

వదిన గీత గీసింది. ఎడమ వైపు పోయిన డబ్బు. కుడి వైపు వచ్చిన డబ్బు.

పోయిన డబ్బు:
ఎండుటాకు కట్టలు — 300 రూపాయలు
పుల్లలు — 40 రూపాయలు
సంతకు ఆటో, రానూ పోనూ — 80 రూపాయలు
తాడు, గోనె సంచి — 20 రూపాయలు
మొత్తం — 440 రూపాయలు

వచ్చిన డబ్బు రాయడానికి ముందు వదిన ఒక మాట అడిగింది. “ఎన్ని కుట్టావు?”

“ఆరు వందలు.”

“ఎన్ని అమ్మావు?”

అక్క ఆలోచించింది. “నలభై పారేశాను. కొన్ని బూజు పట్టాయి. కొన్ని చిరిగాయి.”

అంటే అమ్మినవి 560. వందకు 150 రూపాయల చొప్పున 840 రూపాయలు.

840లో 440 తీసేస్తే 400.

“చూశావా? నాలుగొందలు లాభం” అంది అక్క.

వదిన ఇంకా పెన్సిలు కింద పెట్టలేదు.

బాకీ ఎవరిది? వడ్డీ ఎవరిది?

“ఈ 840 నీ కొంగున ఉందా?” అని అడిగింది వదిన.

లేదు. రోడ్డు మీద హోటలాయన వారం వారం రెండు వందల విస్తర్లు తీసుకుంటాడు. 300 రూపాయలివ్వాలి. ఆయన మంచిగానే మాట్లాడతాడు. సగం ఇస్తాడు. సగం, “వచ్చే వారం చూద్దాంలే అమ్మా” అంటాడు. అలా ఎనిమిది వారాలయింది.

వారానికి 150. ఎనిమిది వారాలకు ఎంత? మీరు చెయ్యండి.

1,200 రూపాయలు.

ఈ 1,200 హోటలాయన దగ్గర ఉంది. మరి వచ్చే వారం ఆకు కొనాలంటే డబ్బెలా? పోయిన నెల అక్క వీధి చివర షావుకారు దగ్గర వెయ్యి రూపాయలు తెచ్చింది. అయిదు రూపాయల వడ్డీ. అంటే నూటికి నెలకు అయిదు. వెయ్యికి నెలకు 50. ఏడాదికి 600.

వదిన కాగితం మీద రెండు గీతలు గీసింది. “హోటలాయన దగ్గర నీ డబ్బు ఉంది. ఆయన నీకు వడ్డీ ఇస్తున్నాడా?”

“ఇవ్వడు.”

“షావుకారు డబ్బు నీ దగ్గర ఉంది. నువ్వు వడ్డీ ఇస్తున్నావా?”

“ఇస్తున్నాను.”

“మరయితే హోటలాయన బాకీకి వడ్డీ ఎవరు కడుతున్నారు?”

అక్క మాట్లాడలేదు. ఇక్కడ మీరు కూడా కాసేపు ఆగండి. మీ ఊళ్లో కిరాణా కొట్టు నడిపే వాళ్లనూ, పాలు పోసే వాళ్లనూ, బట్టలు కుట్టే వాళ్లనూ అడిగి చూడండి. చిన్న వ్యాపారాలు సరుకు బాగోలేక మూతపడడం కంటే, అమ్మిన డబ్బు చేతికి రాక మూతపడడమే నేను ఎక్కువగా చూశాను. మొహమాటం మనకు ఒక ఖర్చు. దాన్ని ఎడమ వైపు ఎవరూ రాయరు.

కూలి ఎక్కడ?

అక్క కూతురు తొమ్మిదో తరగతి. అరుగు చివర కూర్చుని చదువుకుంటోంది. అంతా వింటోంది.

“అమ్మా, నీ కూలి ఎక్కడ రాశారు?” అంది.

“నాకు కూలేటే? నా పని నేను చేసుకుంటన్నాను.”

“నువ్వు కుట్టకపోతే ఇంకొకరి చేత కుట్టిస్తావు కదా. వాళ్లకు ఇవ్వవా?”

పిల్ల అడిగింది సరైన మాట. వదిన లెక్క చేసింది. రోజుకు 5 గంటలు. ఆరు రోజులకు 30 గంటలు. మిగిలింది 400. నాలుగు వందల్ని 30తో భాగిస్తే 13 రూపాయల 33 పైసలు.

గంటకు 13 రూపాయలు! సంతలో పోయిన పూట ఇందులో వెయ్యలేదు. అదీ వేస్తే ఇంకా తగ్గుతుంది.

పోల్చి చూద్దాం. 2024-25లో ఉపాధి హామీ పనిలో మన రెండు తెలుగు రాష్ట్రాలకూ రోజు కూలి రేటు 300 రూపాయలు. రోజుకు ఎనిమిది గంటలనుకుంటే గంటకు 37 రూపాయల 50 పైసలు.

అంటే అక్కకు లాభం వస్తోందా? రావడం లేదు. ఆమెకు వస్తున్నది కూలి. అది కూడా పూర్తి కూలి కాదు. లాభం అంటే అన్ని ఖర్చులూ పోయి, మన కూలి కూడా పోయి, ఆ తర్వాత మిగిలేది.

అక్క ముఖం చిన్నబోయింది. “అయితే మానేయమంటావా వదినా?”

“మానేయమని ఎవరన్నారు? ఎక్కడ కారుతోందో చూద్దాం” అంది వదిన.

ఏడుగురు ఆడవాళ్లు, ఒక మంచం

ఇక్కడ ఒక నిజం కథ చెప్పాలి. ఇది అనుకున్నది కాదు, జరిగింది.

బొంబాయిలో గిర్గాం అనే పేట ఉంది. 1959 మార్చి 15న అక్కడ ఒక మేడ మీద ఏడుగురు ఆడవాళ్లు అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర డబ్బు లేదు. 80 రూపాయలు అప్పు తెచ్చారు. ఆ రోజు నాలుగు పాకెట్లు తయారయ్యాయి. వాళ్లు మొదటే ఒక నిర్ణయం చేసుకున్నారు. నష్టం వచ్చినా సరే, ఎవరి దగ్గరా చందా అడగకూడదు. లెక్క సరిగ్గా రాయాలి. సరుకు నాసిగా ఉండకూడదు. విరిగిన అప్పడాలను మంచి వాటిలో కలిపేవారు కాదు. చుట్టుపక్కల ఇళ్లకు పంచేవారు.

మొదటి ఏడాది వానాకాలం వచ్చింది. అప్పడాలు ఎండలేదు. నాలుగు నెలలు పని ఆగిపోయింది. నాలుగు నెలలు ఆదాయం లేదు. మనమైతే ఏమంటాం? మన ఖర్మ అంటాం. వాళ్లు మరుసటి ఏడాది ఒక మంచం కొన్నారు. ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచారు. మంచం కింద స్టవ్ పెట్టారు. వానలోనూ అప్పడాలు ఎండాయి.

అదే లిజ్జత్ పాపడ్. మొదటి ఏడాది అమ్మకం ఆరు వేల రూపాయల పైచిలుకు. ఈనాడు అందులో నలభై వేలకు పైగా ఆడవాళ్లు పని చేస్తున్నారు. పని చేసే ప్రతి ఒక్కరూ అందులో భాగస్తులే. మొదలుపెట్టిన ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

నాకు ఈ కథలో పద్మశ్రీ కంటే ఆ మంచం నచ్చుతుంది. పెద్ద మెషీను కాదు. పెద్ద అప్పు కాదు. పని ఎక్కడ ఆగిందో చూశారు. అక్కడికి ఎంత కావాలో అంతే పెట్టారు.

వదిన ఈ కథ చెప్పింది. అక్క వెంటనే అంది, “మరి నా విస్తర్లు కూడా బూజు పట్టే కదా పోతున్నాయి!”

ఆకు విస్తర్ల కింద నిప్పు పెట్టకూడదు. అంటుకుంటుంది. అక్క పొయ్యి మీద ఎత్తుగా వెదురు కర్రలతో అటక కట్టించింది. పొయ్యి వేడి తగులుతుంది గానీ మంట తగలదు. కర్రలు ఇంట్లోవే. కట్టింది అక్క మొగుడు. ఖర్చు లేదు. తడి ఆకును తడిగానే కట్ట కట్టడం మానేసింది. ఎండిన ఆకు మీద బరువు పెట్టి, కుట్టే ముందే కొంచెం నీళ్లు చిలకరించడం మొదలుపెట్టింది. నలభై పోయే చోట పది పోయాయి.

ఆకు ఎక్కడి నుంచి వస్తోంది?

ఇంకో సంత రోజు. ఆకు అమ్మే కొండ మనిషి వచ్చింది. పెద్ద వయసు. అక్క ఆమెను అత్తా అని పిలుస్తుంది. ఎప్పటిలాగే అక్క బేరం మొదలుపెట్టింది.

“అత్తా, కట్టకు అయిదు తగ్గించు.”

“ఎక్కడి నుంచి తగ్గించమంటావే? ముందర గూడెం వెనకాలే దొరికేది ఆకు. ఇప్పుడు రెండు కొండలు దాటాలి. పొద్దున వెళ్తే పొద్దుగూకి వస్తన్నాం.”

“ఎందుకు అంత దూరం?”

“తీగలు నరికేస్తన్నారు కదా. ఒక్కొక్క ఆకూ కోస్తే ఎప్పటికవుద్ది? తీగ నరికి కింద పడేస్తే గంటలో కట్ట అవుద్ది. మరుసటేడు అక్కడ తీగుండదు.”

అడ్డతీగ సంగతి కొంచెం తెలుసుకుందాం. అది పెద్ద తీగ. చెట్లను పట్టుకుని పైకి పాకుతుంది. ఆకు మధ్యలో చీలి ఆవు గిట్టలా ఉంటుంది. గింజలు వేయించుకుని తింటారు. బెరడు నారతో తాళ్లు పేనుతారు. కలప కోసం పెంచే అడవుల్లో ఈ తీగ గుగ్గిలం చెట్లకు చుట్టుకుని పాడు చేస్తుందని అడవి శాఖ వాళ్లే నరికించిన రోజులున్నాయి. ఒకరికి చెరుపు అయినది ఇంకొకరికి కూడు.

ముదురు ఆకు కోసి, లేత ఆకు, తీగ చివర వదిలేస్తే తీగ మళ్లీ చిగురేస్తుంది. మరుసటేడు మళ్లీ ఆకు ఇస్తుంది. లేత ఆకు కోస్తే ఎండాక ముడుచుకుపోతుంది. కుడితే చిరుగుతుంది. అంటే లేత ఆకు తీసుకుంటే తీగకూ నష్టం, అక్కకూ నష్టం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అక్క కట్టకు అయిదు తగ్గించమంటుంది. ఆ అయిదు తగ్గితే అత్త ఏం చేస్తుంది? ఎక్కువ కట్టలు తేవాలని చూస్తుంది. ఎక్కువ కట్టలు త్వరగా కావాలంటే తీగ నరకడమే దారి. బేరం ఇక్కడ జరుగుతుంది. కత్తి కొండ మీద పడుతుంది.

అక్క ఆ రోజు బేరం మానేసి, ఇంకో మాట అంది. “అత్తా, ముదురాకే తే. చిన్నాకు పెద్దాకు వేరువేరుగా కట్టు. కట్టకు అయిదు ఎక్కువిస్తాను.” వారానికి 60 రూపాయలు ఎక్కువయింది. ఆకు ఖర్చు 300 నుంచి 360 అయింది.

ఇది దానం కాదు. ముదురాకు చిరగదు. వేరు చేసిన ఆకుతో పని త్వరగా సాగుతుంది. విస్తరికి పనికిరాని చిన్నాకుతో దొప్పలు కుట్టవచ్చు. అత్త మాత్రం ఒక్కతే మారితే కొండ మీద తీగలన్నీ నిలుస్తాయా? నిలవవు. గూడెం అంతా కూర్చుని అనుకోవాలి. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిలో ఉండే గిరిజనులకూ, తరతరాలుగా అక్కడే బతుకుతున్న ఇతరులకూ ఇలాంటి చిన్న అడవి సరుకులు ఏరుకుని అమ్ముకునే హక్కు ఉంది. హక్కుతో పాటు ఆ అడవిని కాపాడుకునే అధికారం కూడా గ్రామసభకు ఇచ్చారు. కొండ సరుకులు కొనడానికి 1956 నుంచి విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ ఉంది. గూడెం వాళ్లు అక్కడ రేటు కూడా కనుక్కోవచ్చు. అత్తకు ఈ మాటలు చెప్పింది అక్కే. రాత్రి బడి పుస్తకంలో చదివింది.

మూడు నెలల తర్వాత

అక్క నోటు పుస్తకం కొంది. వారం వారం రాస్తోంది. మొదట అంకెలు వంకరగా వచ్చేవి. ఒకసారి పోయింది, వచ్చింది తారుమారు రాసింది. కూతురు నవ్వింది. అక్కకూ నవ్వొచ్చింది. కొట్టేసి మళ్లీ రాసింది.

హోటలాయనతో మాట్లాడడానికి మాత్రం రెండు వారాలు పట్టింది. వెళ్లింది, ఊరికే వచ్చేసింది. మళ్లీ వెళ్లింది. మూడోసారి వదినను వెంటబెట్టుకుని వెళ్లింది. “బాబూ, పాత బాకీ కొంచెం కొంచెంగా ఇవ్వండి. కొత్త సరుకు మాత్రం రొక్కానికే” అంది. ఆయనకు కోపం వచ్చింది. “నీ ఒక్కదాని దగ్గరే ఉన్నాయా విస్తర్లు?” అన్నాడు. తీసుకోవడం మానేశాడు. 1,200లో 700 ఇచ్చాడు. ఇంకా 500 రావాలి. అక్క పుస్తకంలో ఎర్ర సిరాతో “రావలసింది 500” అని ఉంది.

ఆ 700కు ఇంకో 300 కలిపి షావుకారు వెయ్యి తీర్చేసింది.

సంతకు ఒక్కతే ఆటో కట్టించుకోవడం మానింది. కూరగాయలు అమ్మే ఇద్దరితో కలిసి వెళ్తోంది. తన వాటా 30 రూపాయలు. పక్క ఊళ్లో పెళ్లి ఉంటే ముందే వెళ్లి అడుగుతోంది. పెళ్లివారికి నేరుగా అమ్మితే వందకు 220 వస్తోంది. షావుకారికి వేస్తే వందకు 150 మాత్రమే.

ఇప్పుడు ఒక వారం లెక్క చూద్దాం.

పోయిన డబ్బు: ఆకు 360, పుల్లలు 40, ఆటో 30, తాడు 20. మొత్తం 450 రూపాయలు.

వచ్చిన డబ్బు: పెళ్లికి 200 విస్తర్లు, 440 రూపాయలు. షావుకారికి 390 విస్తర్లు, 585 రూపాయలు. గుడి దగ్గర కొట్టుకు 300 దొప్పలు, వందకు 50 చొప్పున 150 రూపాయలు. మొత్తం 1,175 రూపాయలు.

మిగిలింది 725 రూపాయలు. అంతా రొక్కం.

దొప్పలకు రోజుకు ఇంకో అరగంట కూర్చుంటోంది. వారానికి 33 గంటలు. గంటకు దాదాపు 22 రూపాయలు.

పదమూడు నుంచి ఇరవై రెండు. ఎక్కువే. కానీ 37న్నర ఇంకా రాలేదు. ఇది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. విస్తర్లు కుట్టి మేడలు కట్టారని రాస్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. దొప్పలు కూతురి చేత కుట్టిస్తే గంటకు ఇంకా ఎక్కువ కనిపించేది. అక్క కుట్టించలేదు. పిల్ల గంటలకు కూడా ఖరీదు ఉంది.

ఇంకో సంగతి. 725 అన్ని వారాలూ రాదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్లిళ్ల నెలలు. ఆషాఢంలో పెళ్లి లేదు. పుష్యంలో లేదు. ఆషాఢంలో వాన కూడా. ఆకు తడి, గిరాకీ లేదు. అందుకని మంచి వారాల్లో 100 రూపాయలు ఆషాఢం డబ్బా అని వేరే డబ్బాలో వేస్తోంది. 50 రూపాయలు సంఘంలో పొదుపు కడుతోంది.

సంఘం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం చదువుల్లో కూర్చున్న ఆడవాళ్లే 1992లో దూబగుంటలో సారా మీద తిరగబడ్డారు. సారా పోయాక ఆ డబ్బులోంచి రోజుకు రూపాయి దాచడం మొదలుపెట్టారు. మన పొదుపు సంఘాలకు అది ఒక పెద్ద వేరు. పలక మీద మొదలైన పని పాసు పుస్తకం దాకా వచ్చింది.

మెషీను వచ్చింది

ఒక రోజు ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. చేతిలో రంగుల కాగితాలు. విస్తర్లు నొక్కే మెషీను. ఆకు కింద అట్ట పెట్టి నొక్కితే గట్టి ప్లేటు వస్తుంది. పట్నంలో బఫే భోజనాలకు అడుగుతారు.

“అరవై వేలే అమ్మా. మేమే అప్పిస్తాం. రూపాయి వడ్డీయే. రెండేళ్లు. నెలకు 3,100 కడితే చాలు” అన్నాడు.

అక్కకు ఆశ పుట్టింది. పుట్టడం తప్పు కాదు. “సంతకం పెట్టమంటారా?” అని కూడా అడగబోయింది. అంతలో, “రేపు చెబుతాను బాబూ” అంది.

రాత్రి వదిన వచ్చింది. ముగ్గురూ దీపం దగ్గర కూర్చున్నారు.

రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి. ఏడాదికి 12. అరవై వేలకు ఏడాదికి 7,200. రెండేళ్లకు 14,400. అసలుతో కలిపితే 74,400. దాన్ని 24 నెలలకు పంచితే 3,100. ఆయన చెప్పిన లెక్క తప్పు కాదు.

“కానీ ఒక సంగతి చూడు” అంది వదిన. “మొదటి నెల వాయిదా కట్టగానే అసలు తగ్గుతుంది కదా. పన్నెండో నెలకి సగం తీరిపోతుంది. తీరిపోయిన సగానికి కూడా ఆయన వడ్డీ వేస్తున్నాడు.”

బ్యాంకులో సంఘం అప్పుకు మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తారు. అదే రూపాయి వడ్డీ, అదే రెండేళ్లు అనుకుందాం. మొదటి నెల వడ్డీ 600. తర్వాత నెల నెలా తగ్గుతూ పోతుంది. అలా వేస్తే వాయిదా నెలకు 2,824. రెండేళ్లకు మొత్తం వడ్డీ 7,776.

14,400 ఎక్కడ? 7,776 ఎక్కడ? తేడా 6,624 రూపాయలు. మాట ఒక్కటే, రూపాయి వడ్డీ. అప్పు ఇచ్చేవాణ్ణి అడగవలసిన ప్రశ్న ఇది: “వడ్డీ మొత్తం అసలు మీదా? మిగిలిన అసలు మీదా?” ఈ ప్రశ్న బట్టీ పట్టండి.

కూతురు ఇంకో లెక్క చేసింది. నెలకు 3,100 అంటే ఏడాదికి 37,200. ఏడాదికి 52 వారాలు. వారానికి 715 రూపాయలు.

అక్క నోటు పుస్తకం తెరిచింది. మంచి వారం మిగులు 725.

“పది రూపాయలు మిగుల్తది” అంది అక్క. ఎవరూ నవ్వలేదు.

మెషీను వస్తే ప్లేట్లు ఎక్కువ వస్తాయి. నిజమే. అమ్మకమూ పెరగవచ్చు. కానీ కొనేది ఎవరు? అట్ట ఎక్కడ దొరుకుతుంది? కరెంటు బిల్లు ఎంత? కరెంటు పోతే? పాడయితే బాగుచేసేవాడు ఎక్కడి నుంచి రావాలి? ఆషాఢంలో వాయిదా ఆగుతుందా? వదిన ఒక్కొక్కటీ రాసింది. సగం ప్రశ్నలకు రంగుల కాగితంలో జవాబు లేదు.

వదిన 2010 సంగతి గుర్తు చేసింది. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో పల్లె పల్లెకూ అప్పుల కంపెనీలు వచ్చాయి. వారం వారం వాయిదా. ఒక కంపెనీ అప్పు తీర్చడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు. వాయిదా కట్టలేని ఇంటి ముందు మనుషుల్ని కూర్చోబెట్టేవారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలను అదుపు చెయ్యడానికి ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత చట్టం అయింది. అప్పు తీసుకున్న వాళ్లలో చాలామంది మన అక్కలాంటి వాళ్లే. వ్యాపారం కోసమని తీసుకున్నారు. వ్యాపారం వారానికి ఎంత ఇస్తుందో లెక్క కట్టకుండా తీసుకున్నారు. ఇచ్చేవాళ్లూ అడగలేదు.

మర్నాడు మోటారు సైకిలాయన వచ్చాడు. అక్క ఆయనకు మంచినీళ్లిచ్చింది. “ఇప్పుడే వద్దు బాబూ” అంది.

“మంచి అవకాశం పోగొట్టుకుంటున్నావమ్మా.”

“కావచ్చు. ముందు కొనేవాళ్లను చూసుకుంటాను. ఆ తర్వాత మెషీను.”

ఆ వారం అక్క, వదిన కలిసి పట్నం వెళ్లారు. వంటలు చేసే కాంట్రాక్టర్లు ముగ్గురిని కలిశారు. ఒకాయన నెలకు రెండు వేల ప్లేట్లు కావాలన్నాడు. కాగితం మీద రాసిమ్మంటే చూద్దామన్నాడు. ఇంకొకాయన అసలు మాట్లాడలేదు. మూడో ఆయన ధర అడిగాడు. అక్కకు ధర తెలియదు. ప్లేటుకు ఎంత పడుతుందో ఇంకా లెక్క కట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క నోటు పుస్తకం తీసింది. కొత్త పేజీ మీద పైన “మెషీను ప్లేటు, వందకు ఖర్చు” అని రాసింది. కింద గీత గీసింది. ఎడమ వైపు ఆకు అని రాసింది. దాని కింద అట్ట. దాని కింద కరెంటు. దాని కింద, కొంచెం ఆలోచించి, “నా కూలి” అని రాసింది.

మీరు చెయ్యండి

అక్కకు ఇంకో వారం ఇలా జరిగింది. ఆకు 360, పుల్లలు 40, ఆటో 30, తాడు 20. కుట్టినవి 500 విస్తర్లు. పాడయినవి 20. పెళ్లి లేదు. అన్నీ షావుకారికే వందకు 150 చొప్పున వేసింది. దొప్పలు 200, వందకు 50. పనిచేసింది 28 గంటలు.

ఎంత పోయింది? ఎంత వచ్చింది? ఎంత మిగిలింది? గంటకు ఎంత పడింది? ఆ వారం ఆషాఢం డబ్బాలో అక్క ఎంత వెయ్యగలదో పక్కవాళ్లతో కలిసి మాట్లాడండి. ఇదే లెక్క మీ పాల మీదా, మీ కుట్టు మీదా, మీ కోళ్ల మీదా ఒక వారం రాసి తీసుకురండి.